కాగితంలోకి రానివి

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత కొట్టావు. ఎడమ పక్క దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉండి గ్రూప్స్‌కు చదవడం, కుడి పక్క చౌటుప్పల్‌లో ఫార్మా కంపెనీలో చేరిపోవడం. హాస్టల్ ఫీజు, రీడింగ్ రూమ్ ఖర్చు, వయసు, పోస్టుల సంఖ్య, చెల్లి పెళ్లి, ఏదీ వదల్లేదు. కెమిస్ట్రీ చదివినవాడివి, లెక్క శుభ్రంగానే ఉంది. కింద మాత్రం ‘పెద్దనాన్నా, రెండూ సమానంగానే వస్తున్నయ్, ఏం చెయ్యమంటవ్?’ అని రాశావు.

సమానంగా రాక ఏమవుతుందిరా? వాటిలో నీకు ఏది ఎంత బరువో ఆ కాగితానికేం తెలుసు?

ఎమోషన్ పక్కనపెట్టి ఆలోచించమని హాస్టల్లో అంతా చెబుతున్నారట. మీ నాన్నా అదే అని ఉంటాడు. మంచికే చెబుతారు గానీ, నేను ఒప్పుకోను. ఆంటోనియో డమాసియో అనే న్యూరాలజిస్టు 1994లో వచ్చిన ‘డెకార్ట్స్ ఎర్రర్’ పుస్తకంలో ఒక రోగి సంగతి రాశాడు. నుదుటి వెనక మెదడు కొంత దెబ్బతిన్న మనిషి. తెలివి తగ్గలేదు, భావాలు మొద్దుబారాయి. ఒకసారి మంచు గడ్డకట్టిన రోడ్డు మీద ముందు పోతున్న ఒకామె కారు జారితే, ఆమె కంగారుపడి బ్రేకు తొక్కింది, కారు రోడ్డు పక్కకు పడిపోయింది. ఇతను బెదరకుండా నిదానంగా దాటుకుని వచ్చేశాడు. మరో రోజు డాక్టరు రెండు తేదీలు చెప్పి, మళ్లీ ఎప్పుడు వస్తావని అడిగాడు. అంతే, డైరీ తీసి దాదాపు అరగంట సేపు ఈ తేదీ ఎందుకు మంచిది, ఆ తేదీ ఎందుకు కాదు, ఆ రోజు వేరే పనులేమున్నాయి, వాతావరణం ఎలా ఉండొచ్చు అని చెబుతూనే ఉన్నాడు. చివరికి డాక్టరే రెండో తేదీన రమ్మంటే సరేనని లేచి వెళ్లిపోయాడు. ‘ఇక చాలు’ అనుకోవడానికైనా లోపల కాస్త విసుగు పుట్టాలి కదా. ఆ రోగికి అదీ లేదు. నీకు అన్నీ ఉన్నాయి, కాగితం మీదికి రానివ్వలేదు.

గ్రూప్-1నే తీసుకో. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్, అక్టోబరు 16న ప్రిలిమ్స్, పేపర్ లీకుతో 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఇదంతా నువ్వు ‘రిస్క్’ అని ఒక్క మాటలో తేల్చేశావు. కోర్టు తీర్పు వచ్చిన సాయంత్రం నీకు ఏమనిపించిందో రాయలేదు. కోపం వచ్చే ఉంటుంది, రావాలి కూడా. ఆ కోపం కింద ఎక్కడో, ఇంకొన్నాళ్లు ఎవరూ రిజల్ట్ అడగరన్న హాయి ఏమైనా ఉందా? ఉంటే అది చిన్న సంగతి కాదు.

నీ రూమ్మేట్ కానిస్టేబుల్ అయ్యి స్వీట్ బాక్స్ తెచ్చిన రోజు ముద్ద దిగలేదని చెప్పి సిగ్గుపడ్డావు. సిగ్గెందుకు? మన ఊరి పిల్లాడు అదే చౌటుప్పల్‌లో సూపర్‌వైజర్ అయ్యాడంటే ‘అట్లనా’ అని ఊరుకున్నావే! ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. నీ జాబితా మొత్తం కంటే నాకు అక్కడే ఎక్కువ సమాచారం దొరికింది.

అలాగని మనసులో లేచిన ప్రతిదాన్నీ నమ్మమనడం లేదు. మొన్న రాత్రి ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఫోన్ చేశావు. వెనక నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం అని బస్సుల వాళ్ల కేకలు. ‘పోతున్న పెద్దనాన్నా, ఇగ నాతోని కాదు’ అన్నావు. తిన్నావా అంటే లేదు. మధ్యాహ్నం బండి మీద మిర్చి బజ్జీలు. ముందు రాత్రి పక్క గదిలో ఎవరిదో బర్త్‌డే, నిద్ర లేదు. పొద్దున మాక్ టెస్టులో మార్కులు పడిపోయాయి. ఆ గొంతులో గ్రూప్-1 గురించి నాకేమీ వినపడలేదు, ఆకలి వినపడింది.

నార్బర్ట్ ష్వార్జ్, జెరాల్డ్ క్లోర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1983లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఎండ రోజుల్లో, వాన రోజుల్లో జనానికి ఫోన్లు చేసి జీవితం ఎలా ఉందని అడిగారు. వాన రోజు అడిగినవాళ్లు ఎండ రోజు వాళ్ల కంటే తక్కువ తృప్తిగా ఉన్నట్టు చెప్పారు. ముందుగా మీ దగ్గర వాతావరణం ఎలా ఉందని అడిగితే మాత్రం ఆ తేడా పోయింది. తర్వాత చేసినవాళ్లకు వాన ప్రభావం అంత గట్టిగా కనపడలేదు కాబట్టి దీన్ని వేదంలా పట్టుకోకు. నేను అన్నం సంగతి ముందు అడిగింది మాత్రం ఇందుకే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతా. ఒక రోజు కడుపు నిండా తిని, నిద్ర తీరాక చౌటుప్పల్ పోయి, షిఫ్టు మారే వేళ ఆ కంపెనీ గేటు బయట కాసేపు నిలబడు. లోపలికి పోయేవాళ్ల ముఖాలు చూడు. వాళ్లలో నిన్ను నువ్వు ఊహించుకున్నప్పుడు ఒంట్లో ఏమవుతుందో గమనించు. ఇంకో రోజు పుస్తకం తెరవకుండా రీడింగ్ రూమ్‌లో నీ కుర్చీలో కూర్చుని అదే చెయ్యి. వారం పోయాక మళ్లీ చూసుకో. అప్పటికీ అదే అనిపిస్తుంటే కాగితం తియ్యి. ఫీజులు, వయసు, చెల్లి పెళ్లి అప్పుడు అక్కరకొస్తాయి, ఎన్నాళ్లు, ఎంత ఖర్చులో అన్నది తేల్చడానికి.

ఆదివారం కొత్తపేటకు రా, మీ పెద్దమ్మ తలకాయ కూర వండుతానంటోంది. చేరినా, ఉండిపోయినా మీ నాన్నకు నేను చెబుతాను. కోపం వస్తే నా మీద చూపించుకుంటాడు, వాడికది చిన్నప్పటి నుంచీ అలవాటే.