మాస్కుల నడుమ మాడ్రిడ్ కళారాధన

మహమ్మారి కాలంలో ఒక నగరం చిత్రశాలనూ రంగస్థలాన్నీ ఎలా నిలుపుకుందో తెలుసుకోవడానికి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ మంచి ఉదాహరణ. దాదాపు 3 నెలలు మూతపడిన ప్రాదో మ్యూజియం 2020 జూన్ 6న తలుపులు తెరిచినప్పుడు, సందర్శకుల సంఖ్యను బాగా కుదించి, 'పునస్సమాగమం' అనే అర్థమిచ్చే 'రెయెన్‌క్వెంత్రో' పేరిట తన ప్రసిద్ధ చిత్రాలను మధ్య గ్యాలరీలోనూ దాని పక్క గదుల్లోనూ ఒకచోటికి చేర్చింది. కన్నబిడ్డనే తినే శాటర్న్ దేవుణ్ణి వేరువేరు శతాబ్దాలలో రూబెన్స్, గోయా గీసిన రెండు చిత్రాలు అక్కడ దగ్గరదగ్గరగా నిలిచాయి. రూబెన్స్ చిత్రంలోని ముసలి దేవుడు కొడవలి కర్రను ఊతగా పట్టుకుని నిలబడితే, గోయా శాటర్న్ చీకట్లోంచి గుడ్లు మిటకరిస్తూ, తాను చేస్తున్న పనికి తానే బెదిరినట్టు కనిపిస్తాడు. ఇటువంటి చిత్రాల ముందు తోపులాట లేకుండా తీరికగా నిలబడగలగడం ఆ కష్టకాలం ఇచ్చిన అరుదైన భాగ్యమే.

జూలై 1న తెయాత్రో రెయాల్ నాటకశాల వెర్దీ స్వరపరిచిన 'లా త్రావియాతా' ఆపెరాను, అంటే సంభాషణలు గానంగా సాగే నాటకాన్ని, ప్రదర్శించింది. వేదికపై ఎర్రగీతలతో గళ్లు గీసి గాయకులను ఎడంగా నిలపడం వల్ల, క్షయతో కన్నుమూసే నాయిక వియోలెత్తా ఒంటరితనం, మాస్కులు కట్టుకుని కూర్చున్న ప్రేక్షకులకు తమ ఇళ్లలోని ఎడబాటంత దగ్గరగా వచ్చింది.