కుంట లెక్క

వాలు నేల మీద ఒక ఊరుండేది. ఊరి నడుమ పల్లంలో ఒక కుంట. వానాకాలంలో రెండు నెలలు అందులో నీళ్లు నిలిచేవి. మిగతా పది నెలలు పశువులు మేసేవి, పిల్లలు ఆడుకునేవారు, వారానికోసారి అంగడి సాగేది.

ఒక వ్యాపారి దాన్ని చూసి, ఏడాదిలో పది నెలలు దండగ పోతున్న నేల అని లెక్కగట్టాడు. కొని, మొరం పోయించి, ఇళ్ల స్థలాలుగా అమ్మేశాడు. మూడేళ్లు వానలు సరిగ్గా పడలేదు. ఊరంతా అతని తెలివిని మెచ్చుకుంది. కరువు రోజుల్లో కుంట పూడ్చినవాణ్ణి తప్పుపట్టేదెవరు!

నాలుగో ఏడు వాన దంచికొట్టింది. ఎగువ నీరు కొత్త ఇళ్లలో చొరబడింది. ఆ ఇళ్లవాళ్లు గోడ కట్టుకున్నారు. మరుసటి వానకు నీరు కుమ్మరి వీధికి మళ్లింది. కుమ్మరులు వీధి మొగన కట్ట పోసుకున్నారు. నీరు సాలెవాడకు పోయి మగ్గం గుంటలు నింపింది. సాలెలూ అడ్డం వేశారు. ఇక పోయే దారి లేక నీరు నిలిచి, పైకి లేచి, వ్యాపారి గోదాంలో ధాన్యం బస్తాలను నానబెట్టింది.

అతను మేస్త్రీని పిలిపించి, గోదాం చుట్టూ గోడకు ఎంతవుతుందో అంచనా వేయించాడు. స్థలాల మీద వచ్చిన లాభం కన్నా అదే ఎక్కువ తేలింది. ధర్మాత్ముడేమీ కాడు గాని లెక్క తెలిసినవాడు. బాగా పల్లంలో ఉన్న స్థలాలను తిరిగి కొన్నాడు. మొరం తోడించి, గట్టు మీద కానుగలు నాటించి, పొంగిన నీరు దిగువ చెరువుకు పోయేలా మత్తడి కట్టించాడు.

ఆ ఏడూ వాన గట్టిగానే కురిసింది. కుంట నిండి మత్తడి దుంకింది గాని ఏ గడపా తడవలేదు. వేసవికి, కుంట పూడ్చిననాటి నుంచి ఎండిపోయిన వ్యాపారి బావిలో ఊట కనబడింది. కుంటలో అంగడి మళ్లీ మొదలైంది. అతను పాత పద్దు తీసి, దండగ కింద రాసిన పది నెలలను కొట్టేసి జమలో వేసుకున్నాడు.

ఎవరి గోడ వాళ్లు ఎత్తు చేసుకుంటే వరద పక్క వీధికి మారుతుందే గాని తగ్గదు. నీరు ఆగి ఇంకడానికి ఊరంతటికీ కలిపి ఒక పల్లం మిగలాలి. 1908 మూసీ వరద చూసిన హైదరాబాద్ అందుకే ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టుకుంది. అదే నగరంలో గొలుసుకట్టు చెరువుల శిఖం భూముల్లో, నాలాల మీద ఇళ్లు లేచాక, 2020 అక్టోబరు వానకు ఆ నీరు కాలనీల్లోకి వచ్చింది.