యూదా బొమ్మ కాలిన తరువాత



మెక్సికో దేశమందు పునరుత్థాన పండుగకు ముందటి శనివారమున ఒక ఆచారము కలదు. ప్రభువును అప్పగించిన ఇస్కరియోతు యూదా బొమ్మను రెల్లుపుల్లలతోను, జిగురుతో అంటించిన కాగితములతోను చేసి, టపాకాయలు కట్టి, వీధిలో వ్రేలాడదీసి కాల్చుదురు. చిత్రకారుడైన డియెగో రివెరా (1886–1957) ఇట్టి బొమ్మలను ప్రీతితో సేకరించెను. ఒక్కొక్కమారు ఆ బొమ్మకు ప్రజలకు గిట్టని నాయకుని ముఖము పెట్టుటయు కలదు.

ద్రోహిని ఇట్లు కాల్చుట మంచిదా? ఇందులో మేలు లేదని మనము తొందరపడి చెప్పరాదు. నమ్మినవానిని అమ్ముకొనుట ఎంత నీచమో చిన్నబిడ్డలు సహితము దీనివలన గ్రహింతురు. నోరెత్తలేని బీదవారికి, తమ్మును మోసగించినవానిని చూచి ఒక్కదినమైనను నవ్వుటకు ధైర్యము కలుగును. అయితే కాలుచున్న ద్రోహి ఎల్లప్పుడు మరియొకడే. బూడిద ఊడ్చి ఇంటికి పోవువాడు, తాను నీతిమంతుడనని తలంచుట బహు సులభము.

అదే దేశములో, మెక్సికో నగరమందలి ఇస్తపలాపా అను చోట మరియొక ఆచారము కలదు. 1833లో అక్కడ కలరా వ్యాపించి అనేకులు మరణించిరి. ఆ ఆపద తీరినందుకు కృతజ్ఞతగా అచ్చటివారు 1843 నుండి ప్రభువు శ్రమలను వీధులలో ప్రదర్శించుచున్నారు. ఒక యువకుడు బరువైన సిలువను మోసికొని కొండ ఎక్కును. అయితే యూదా వేషమును కూడ ఎవరో ఒకరు ధరింపవలెను గదా! అక్కడ యూదా కాగితపు బొమ్మ కాడు. పొరుగింటి మనుష్యుడు, ఒక తల్లి కన్నబిడ్డ.

ఈ రెండవ ఆచారమే సువార్తకు సమీపముగా నున్నదని మనకు తోచుచున్నది. మత్తయి 26వ అధ్యాయము చదివి చూడుడి. తమలో ఒకడు అప్పగించునని ప్రభువు చెప్పగా, శిష్యులు ఒకరినొకరు వేలెత్తి చూపలేదు; ప్రతివాడును అది తానేనేమోయని దుఃఖముతో అడిగెను. ప్రభువు ఆ రాత్రి యూదాను బల్లయొద్దనుండి త్రోసివేయలేదు. పేతురు ముమ్మారు బొంకెను. అతని బొమ్మను ఎవరును కాల్చరు. వెండి నాణెములు తిరిగి ఇచ్చిన యూదా యాజకులయొద్దకే పోయెను, ప్రభువునొద్దకు రాలేదు. పేతురైతే ఏడ్చెను, తిరిగి వచ్చెను.

మన గ్రామములలో కాగితపు యూదాలు లేకపోవచ్చును. కాని గట్టు తగవులో అబద్ధసాక్ష్యము చెప్పినవాడని, సంఘపు సొమ్ము వాడుకొన్నవాడని, మనము మాటలతో ప్రతిదినము కాల్చుచున్న మనుష్యులు లేరా? తప్పును తప్పనియే చెప్పవలెను. నష్టపడినవారికి న్యాయము జరుగవలెను. అయినను, తిరిగి రాగోరువానికి దారి మూయుటకు మనకు అధికారము లేదు. మన వెండి నాణెములు ఎక్కడ దాగియున్నవో మొదట వెదకుకొందము.

పునరుత్థానుడైన ప్రభువు, తన్ను విడిచి పారిపోయినవారికే సముద్రతీరమున చేపలు కాల్చి, రొట్టె పెట్టెను. ఆయన రగిలించిన నిప్పు అట్టిది.