సాక్షి ఎవరు?

మాఘ ఫాల్గుణ మాసములలో ఆర్మూరు ప్రాంతపు గృహములకు రెండు పరీక్షలు ఒక్కమారే వచ్చును. ఒకటి పసుపునకు, రెండవది పిల్లలకు. నెలల తరబడి నేలలో పెరిగిన పంటను రైతు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టించి నిజామాబాదు మార్కెట్ యార్డునకు చేర్చును. కొనువాడు పైమెరుగును నమ్మడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూచును. ఆ దినములలోనే ఆ రైతు బిడ్డ ఇంటర్మీడియట్ పరీక్షకు కూర్చుండును. ఆ బిడ్డ లోపలి రంగును చూచువారెవరు?

పూర్వము పరీక్షాశాలకు ఉపాధ్యాయుని కన్నే కాపలా. అది చాలక 1997లో ఆంధ్రప్రదేశ్‌లో కాపీలను అరికట్టుటకు చట్టము వచ్చినది. 2024లో కేంద్రచట్టము వచ్చినది. ఆ సంవత్సరము జూన్ నెలలోనే యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కృత్రిమ మేధతో పనిచేయు కెమెరాలకై టెండర్లు పిలిచినది. పరీక్షకు ముందుగాని తరువాతగాని గదిలో ఎవరైన కదలినను, పర్యవేక్షకుడు చాలసేపు కదలకున్నను యంత్రము హెచ్చరింపవలెనని అందలి నియమము.

అనగా విద్యార్థిని కాచువానిని గూడ కాచు యంత్రము వచ్చినది. మరి యంత్రమును కాచువారెవరు? దానిని నడుపువాడును మనుష్యుడే. వానికిని ప్రలోభము కలుగవచ్చును. కాపలాపై కాపలా నుంచుచు పోయినచో ఆ వరుసకు వెలుపల అంతము లేదు. తన్ను తాను కాచుకొను మనస్సు దొరకిన చోటనే అది ఆగును.

ఇట్లనుట యంత్రమును నిందించుట కాదు. ఒకడు చూచి వ్రాసి పొందిన మార్కు, రాత్రులు మేల్కొని చదివిన పేదబిడ్డ సీటును హరించును. చేనికి కంచె అవసరమే. అయితే కంచె పైరును కాచునే గాని పండింపదు.

మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానము ఈ విషయమునే బోధించును. కణ్వాశ్రమములో జరిగిన గాంధర్వ వివాహమునకు చూచిన మనుష్యులు లేరు. ఆ ధైర్యముతోనే దుష్యంతుడు నిండుసభలో, ఎరిగియు, ఎరుగనని పలికెను. ఎవరును చూడలేదని తలచుట అవివేకమనియు, సూర్యచంద్రులును పంచభూతములును నరుని హృదయమును సాక్షులేయనియు శకుంతల బదులు చెప్పెను.

అట్లయినచో భగవంతుడు ఆకాశమున నిలిచిన పెద్ద కెమెరాయా? కాదు. కెమెరా మెడ త్రిప్పుటను చూచును. నొప్పిచే త్రిప్పెనో, కపటముచే త్రిప్పెనో ఎరుగదు. అంతర్యామి రెంటిని ఎరుగును. కెమెరా తప్పు జరిగిన పిదప పట్టును. అంతరాత్మ తప్పునకు ముందే వారించును. కెమెరా నిందితునే చూపును; అంతర్యామి నిర్దోషికిని తోడుండును.

కావున యంత్రము చెప్పినదే తీర్పు కారాదు. 2019లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో ఒక విద్యార్థినికి తెలుగున సున్న వచ్చినది. జవాబుపత్రమును తిరిగి చూడగా 99 మార్కులని తేలినది. దిద్దినచోట జరిగిన పొరపాటును యంత్రము శంకింపలేదు. అంకెను అంకెగా మోసినది. ఆ సంవత్సరము ఫలితముల పిదప పలువురు బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. హెచ్చరిక యంత్రము చేయవచ్చును. తీర్పు చెప్పుటకు ముందు ఆ బిడ్డను పిలిచి అడుగు బాధ్యత మాత్రము మనుష్యునిదే. అడుగక శిక్షించుటయు అధర్మమే.

నవనాథపురమని పేరుగాంచిన ఆర్మూరులో సిద్ధులగుట్టపై నవనాథ సిద్ధేశ్వరుడు వెలసియున్నాడు. పరీక్షాకాలమున స్వామికి మ్రొక్కుట సహజము. మార్కులు కోరుటయు తప్పు కాదు. అంతకన్న మేలైన కోరిక ఒకటి కలదు: తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు, ప్రక్కవాని కాగితము కంటికి అందుచున్నప్పుడు, కెమెరా పనిచేయనప్పుడు, ఆ తావును ఖాళీగా విడువగల బలము. ఆ ఖాళీకి మార్కు రాదు. దానివలన ఒక సీటు పోవచ్చును, తండ్రి ఆశ వాడవచ్చును. అయినను చూచువారు లేని ఆ క్షణమున విడిచిన ఆ ఖాళీ తావే స్వామికి శుద్ధమైన నైవేద్యము. కొమ్మును ఎక్కడ విరిచినను లోపలి రంగు ఒక్కటే కావలెను గదా!