వీడియో షాపు: మేలెంత? కీడెంత?



మీ ఇంటి అటక మీది పాత పెట్టె ఒకసారి దించి చూడండి. పెళ్ళి వీడియో క్యాసెట్టు ఒకటైనా దొరుకుతుందేమో. దాన్ని వేసి చూసే యంత్రం మాత్రం దొరకడం కష్టం. వి.సి.ఆర్.లు తయారుచేసిన చివరి సంస్థగా పేరుపడిన జపాన్‌ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానేసింది. మన పట్నాల్లో క్యాసెట్లు కిరాయికిచ్చే షాపులు అంతకు ఎంతో ముందే మూతబడ్డాయి. పోయినదాని ముచ్చట ఇప్పుడెందుకని అడుగుతారా? షాపు పోయింది గాని, అది మన ముందుంచిన ప్రశ్న పోలేదు.

కేతేపల్లి వైపు ఊళ్ళలో పెరిగినవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. పండుగ వస్తే పది ఇళ్ళవారు తలా కొంత వేసుకునేవారు. విజయవాడ రోడ్డున ఇటు నకిరేకల్‌కో అటు సూర్యాపేటకో పోయి, ఒక రాత్రికి కలర్ టి.వి., వి.సి.ఆర్., రెండు మూడు క్యాసెట్లు కిరాయికి తెచ్చేవారు. వాకిట్లో చాపలు పరిచేవారు. కరెంటు పోతే అందరూ కలిసే ఎదురుచూసేవారు. సినిమాహాలు దాకా పోలేని ముసలివారు, బాలింతలు కూడా ఇంటి ముందే కూర్చుని చూశారు. అవ్వకు భక్తి సినిమా కావాలి, పిల్లలకు ఫైటింగులు కావాలి. ఏది తేవాలో ముందే మాట్లాడుకుని తేల్చుకునేవారు. ఒకరి ఇష్టానికి మరొకరు తగ్గేవారు. ఇది చిన్న మేలా?

కీడును కూడా దాచవద్దు. రాత్రంతా మేలుకున్న పిల్లవాడు తెల్లవారి బడిలో కునికేవాడు. కూలి డబ్బు కిరాయికి పోయేది. కొన్ని షాపుల్లో పేరు రాయని క్యాసెట్లు బల్ల కింది నుంచి చేతులు మారేవి. వాటి సంగతి తెలిసి కూడా పెద్దలు ఊరుకున్నారు.

అయితే మనం తప్పుగానే లెక్కపెట్టని కీడు మరొకటుంది. అది దొంగ ప్రతి. హాల్లో ఆడుతున్న కొత్త సినిమా క్యాసెట్టుగా వస్తే సంబరపడ్డామే గాని, ఇది ఎవరి కష్టమని అడగలేదు. 1984లోనే కాపీరైటు చట్టాన్ని సవరించి, ఇటువంటి నేరానికి కనీసం ఆరు నెలల జైలు, యాభై వేల రూపాయల జరిమానా విధించవచ్చన్నారు. శిక్ష వ్యాపారికి పడవచ్చు, కాని కొనేవాడు లేనిదే అమ్మేవాడు ఉండడు. క్రీస్తు జీవితాన్ని చూపిన ‘కరుణామయుడు’ (1978) వంటి సినిమానైనా సరే, దొంగ ప్రతి తెచ్చి చూస్తే దొంగతనం భక్తి అవుతుందా?

1993లో జగద్గురువులు రెండవ జాన్‌పాల్ గారు ప్రపంచ సమాచార సాధనాల దినానికి ఈ క్యాసెట్లనే అంశంగా తీసుకున్నారు. సంస్కృతిని, మనస్సాక్షిని తీర్చిదిద్దడంలో వాటి పాత్ర ఏమిటన్నది ఆనాటి ఆలోచన. క్యాసెట్టు పోయినా మనస్సాక్షి మాట పాతబడలేదు.

ఎందుకంటారా? వీడియో షాపు మన చుట్టూ మూడు కంచెలు వేసింది. ఒకటి గుమ్మం. అక్కడ కూర్చున్న మనిషి మీ నాయనను ఎరిగినవాడు. రెండవది కిరాయి, మూడవది గడువు. తెల్లవారితే తిరిగి ఇవ్వాలి. నేడు చేతిలోని ఫోనుకు గుమ్మం లేదు. అడిగే మనిషి లేడు. ఒకటి అయిపోగానే మరొకటి తానే మొదలవుతుంది. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు మూలల్లో నాలుగు సినిమాలు చూస్తున్నారు.

అలాగని ఆ రోజులే మంచివనుకోవద్దు. షాపువాడు చూస్తాడని తేని క్యాసెట్టును మన సుగుణంగా లెక్కపెట్టుకోకూడదు. అది సిగ్గు మాత్రమే. సిగ్గు కూడా కొంత కాపాడుతుంది, నిజమే. కాని చూసే కళ్ళు పక్కకు తప్పుకున్నప్పుడే మనం ఎవరమో తేలుతుంది. ఆ కంచెలు పడిపోయాయి గనుక ఇక కంచె మనలోపలే వేసుకోవాలి.

తల్లిదండ్రులారా, పిల్లవాడి చేతి నుంచి ఫోను లాక్కుంటే సరిపోదు. ముందు మీ ఫోను పక్కన పెట్టండి. వారానికి ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏం చూడాలో మాట్లాడుకుని, ఒక్కటే చూడండి. డబ్బు చెల్లించి చూడవలసినదైతే చెల్లించే చూడండి. అయిపోయాక ఆపేసి, చూసినదాని మంచిచెడ్డలు పిల్లలనే అడగండి.

ఆనాడు క్యాసెట్టును మొదటికి తిప్పి ఇవ్వడం మర్యాద. తరువాత చూసేవాడు మనకు తెలియదు, అయినా వాడి కోసం తిప్పేవాళ్ళం. ఎవరూ చూడకపోయినా సాటివాడిని తలచుకుని చేసే ఆ చిన్న పనిలోనే మనస్సాక్షి ఉంది. యంత్రం పోయినా ఆ అలవాటును మన ఇళ్ళలో పోనివ్వకండి.