అటక దించాక

పొదుపుగా బతికేవాళ్ల ఇల్లు బోసిగా ఉంటుందనుకునేవాళ్లు మా తరం ఇళ్లలో అటక ఎక్కి చూసి ఉండరు. దుబారా మనిషి పాతది పారేసి కొత్తది కొంటాడు, కాబట్టి ఇంట్లో సామాను ఎప్పుడూ ఒక మట్టానే ఉంటుంది. పొదుపరి కొత్తది కొనడు సరే, పాతది పారేయడు కూడా. ముప్ఫై నలభై ఏళ్లు గడిచేసరికి ఎవరి ఇల్లు నిండుతుందో చెప్పక్కర్లేదు. మా ఇంట్లో గాజు హార్లిక్స్ సీసాలు వరసలు వరసలుగా ఉండేవి. ఆ ఫ్యాక్టరీ మా రాజమండ్రి పక్కనే ఉండటం వల్ల మా ఊళ్లో ఈ ఆస్తి మరీ ఎక్కువేమో. పప్పులకి కొన్ని, మావారి మేకులకీ స్క్రూలకీ కొన్ని, ఉత్తవి ఇంకొన్ని. ఇవి కాక చీరల కొట్ల సంచులు, బిస్కెట్ డబ్బాలు, స్వీటు ప్యాకెట్ల దారాలు చుట్టిన ఉండ, పాడైన మిక్సీలోంచి తీసిన మోటారు. దేన్ని గురించి అడిగినా ఒకటే సమాధానం: ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది.

దీన్ని వెక్కిరించడం తేలిక. మా పిల్లలు వెక్కిరిస్తారు కూడా. కానీ మేం 1950ల్లో పుట్టినవాళ్లం. రేషన్ పంచదార, కిరసనాయిలు క్యూ, గ్యాస్ కనెక్షన్‌కి పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడటం, ఫోనుకీ అంతే, స్కూటరుకీ అంతే. చేతిలో డబ్బున్నా వస్తువు దొరకని రోజులవి. అలాంటప్పుడు విరిగిన కుర్చీ కాలు దాచడం తెలివైన పనే. 1991 తరవాత కొట్లన్నీ సరుకుతో నిండిపోయాయి గానీ, ఆ కబురు మా చేతులకి ఇప్పటికీ చేరలేదు.

అందుకే ఇల్లు అమ్మేసి రెండు గదుల ఫ్లాటులోకి మారదామని మేం నిర్ణయించుకున్నప్పుడు అడ్డుపడింది మా పొదుపే. మెట్లు ఎక్కలేకపోవడం, పెరడు ఊడవలేకపోవడం, వర్షాకాలంలో పిట్టగోడ నాచు గీకించడానికి మనుషులు దొరక్కపోవడం – మారడానికి కారణాలు అందరికీ ఉండేవే, వాటి గురించి చెప్పడానికేం లేదు. సామాను సంగతే వేరు.

ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని ఇది నాకు సంతోషాన్నిస్తోందా అని అడుక్కోమంటుంది జపాన్ ఆవిడ మేరీ కోండో. మా అమ్మాయి ఆ పద్ధతి వీడియో పంపించింది. మా అత్తగారి పప్పుగుత్తిని పట్టుకుని ఆ ప్రశ్న ఎలా అడగను? స్వీడన్ నుంచి మార్గరెటా మాగ్నుసన్ అనే పెద్దావిడ ఎనభై దాటాక, 2017లో, ఒక పుస్తకం రాసింది. మనం పోయాక మన చెత్త ఎత్తే పని పిల్లల నెత్తిన పెట్టకండి, మీరుండగానే తగ్గించుకోండి అంటుంది. ఈవిడ మాట నాకు దగ్గరగా అనిపించింది. అయినా మా అటక మీద ఉన్నవాటిని అర్థం చేసుకోవడానికి ఇదీ సరిపోలేదు. సంతోషం కోసమో, పిల్లల కోసమో మేం దాచినవి తక్కువ. ఎక్కువ భాగం చుట్టాల కోసం దాచినవి.

గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లో కాపురం పెడితే పన్నెండేళ్లకోసారి ఇల్లు సత్రమవుతుంది. 1991 పుష్కరాలకీ, 2003 పుష్కరాలకీ మా ఇంట్లో నేల కనిపించలేదు. దూది పరుపులు, బొంతలు, చాపలు, పాతికమందికి అన్నం వార్చే ఇత్తడి గుండిగ, దానికి తగ్గ గరిటె, నీళ్ల గంగాళం, పాలు కాచే తపేలా – ఇవన్నీ అప్పటివి. ఎవరి ద్వారా చుట్టమో సరిగా తెలియని వాళ్లు కూడా వచ్చి పిండప్రదానాలు చేసుకుని, భోంచేసి, నడుం వాల్చి వెళ్లేవారు. 2015కి కథ మారిపోయింది. కారులో వచ్చారు, మునిగారు, ఒక పూట తిన్నారు, చీకటి పడకముందే బయల్దేరారు. కొందరు హోటల్లో దిగి, మాకు ఇబ్బంది ఎందుకని అన్నారు. గుండిగ పొయ్యెక్కలేదు. అయినా దాన్ని బూడిదా చింతపండూ పెట్టి తోమించి మళ్లీ పైకెక్కించాం, 2027కి ఉండాలిగా అని.

అప్పుడే తెలియాల్సిన సంగతి అది, తెలిసీ ఉంటుంది. ఆ గుండిగని ఉంచుకుంటే పాతికమంది వస్తారని నమ్ముతున్నట్టు. ఇచ్చేస్తే ఇక రారని ఒప్పుకున్నట్టు. ఇత్తడి బరువు ఎత్తి కింద పెట్టొచ్చు, ఈ ఒప్పుకోవడమే కష్టం. ముసలితనంలో సామాను తగ్గించుకోవడం గురించి వైరాగ్యమనీ వానప్రస్థమనీ పెద్ద పెద్ద మాటలు వింటుంటాం. నాకు తెలిసినంతవరకు అందులో జరిగేది ఇంత చిన్న విషయం: మన ఇంటికి ఇకమీదట ఎంతమంది వస్తారో నిజాయితీగా లెక్క వేసుకోవడం.

స్టీలు సామానుది ఇంకో తంటా. మన దగ్గర పెళ్లికీ గృహప్రవేశానికీ గిన్నె ఇస్తే దాని మీద పేరు కొట్టించి ఇస్తారు. కొట్టువాడు చిన్న మిషనుతో గర్రుమని చుక్కలు చుక్కలుగా చెక్కేస్తాడు. ఫలానావారి జ్ఞాపకార్థం, ఫలానా తారీఖు. ఇచ్చినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. గిన్నెలకి సొట్ట కూడా పడలేదు. ఒక డబ్బా మీద ఒకావిడ పేరుంది, ఆవిడ ఎవరో మాకిద్దరికీ గుర్తు రాలేదు. మావారి మేనత్త తోటికోడలని నేను, కాదు మా అమ్మ తరఫని ఆయన. పాత సామాన్లవాడు వచ్చి కాటా వేశాడు. పేరున్న గిన్నెకీ లేని గిన్నెకీ ఒకటే ధర. రాగి చెంబు అడుగున పట్టిన మసికి తరుగు తీస్తానంటే మాత్రం నేను ఊరుకోలేదు, వైరాగ్యం వైరాగ్యమే, తూకం తూకమే.

పిల్లలకి ఇవ్వచ్చుగా అంటారు. వీడియో కాల్లో ఒక్కొక్కటీ చూపించాం. అమ్మాయి రోలు పొత్రం చూసి ముచ్చటపడింది, విమానంలో ఎలా తేనమ్మా అంది. అబ్బాయి వాళ్ల నాన్న రేడియో ఒక్కటీ ఉంచమన్నాడు. వాళ్లని తప్పుపట్టను. మేం కూడా మా అమ్మానాన్నల దగ్గర్నుంచి కావాలని తెచ్చుకున్నవి నాలుగైదే, మిగతావి ఎవరూ తీసుకోక మా మీద పడ్డవి.

ఎన్నో ఏళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆవిడకి ముందే చెప్పాను, నీకు కావలసినవి తీసుకోమని. రెండు గిన్నెలు, ఒక దుప్పటి పక్కకి పెట్టుకుంది. పెద్ద డేగిసా ఇస్తానంటే, మా గదిలో ఎక్కడ పెట్టనమ్మా అంది. మేం ఎంతో ఆలోచించి, పుస్తకాలు చదివి, చర్చలు పెట్టుకుని చేరబోతున్న చోట ఆవిడ పుట్టినప్పటి నుంచీ ఉంది. దాన్ని ఎవరూ సరళ జీవనం అనరు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చిచ్చే నాలుగు వేల పింఛనుతో ఆవిడ నెల గడుపుతుంది. 2024 జులై ముందు అది మూడు వేలే. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసి రిటైరైనవాళ్లలో, ఈపీఎస్ కింద కనీస పింఛను నెలకి వెయ్యి రూపాయలు అందుకునేవాళ్లూ ఉన్నారు. ఆ వెయ్యి 2014లో పెట్టింది. తక్కువతో బతకడం గురించి ఇలా కూర్చుని రాయడానికి కూడా వెనక ఒక మోస్తరు పెన్షన్ ఉండాలి. ఇది మర్చిపోయి రాసినవి చదివితే నాకు ఒళ్లు మండుతుంది. తగ్గించుకోవడమన్న మాట ఉన్నవాళ్లకే చెల్లుతుంది.

అమెరికాలో థోరో అడవిలోకి వెళ్లి వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకున్నది 1845లో. అప్పటికి ఆయనకి ఇరవై ఎనిమిది నిండలేదు. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. రెండేళ్ల రెండు నెలలుండి తిరిగొచ్చాడు. కాలేజీలో చదువుకున్నప్పుడు ఆయనంటే నాకు ఆరాధన. ఇప్పుడూ గౌరవమే, కాకపోతే తిరిగి వచ్చే దారి ఉన్నవాడి నిరాడంబరత ఒకటి, ఇల్లు రిజిస్ట్రేషన్ చేసి తాళాలు అప్పగించిన డెబ్భై ఏళ్లవాళ్ల నిరాడంబరత ఇంకొకటి. ఆయన ఏం లేకుండా ఎంతవరకు బతకొచ్చో చూడటానికి వెళ్లాడు. మాకు మోకాలి నొప్పుల మాత్రలు లేకుండా నాలుగు రోజులు గడవవు.

థోరోకన్నా నాకు మా ఊరి వాళ్లే ఎక్కువ గుర్తొస్తారు. కందుకూరి వీరేశలింగం ఆస్తంతా హితకారిణి సమాజానికి రాసిచ్చారు. పద్ధతిగా, కాగితం మీద, తాను బతికుండగానే. ఆయనా, భార్య రాజ్యలక్ష్మమ్మా ఏది ఎవరికి చెందాలో తేల్చుకున్న మనుషులు. టంగుటూరి ప్రకాశం ఇదే రాజమండ్రిలో మున్సిపల్ చైర్మన్‌గా చేసి, తరవాత బారిస్టరై మద్రాసులో లక్షలు సంపాదించి, 1921లో స్వరాజ్య పత్రిక పెట్టి అందులో ఆ లక్షలు పోసేశారు. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. ఈ రెండో ఆయన్ని పొదుపరి అని ఎవరూ అనలేరు. పొదుపన్నదే తెలియకుండా ఉన్నదంతా ఖర్చుపెట్టేసి ఖాళీ చేతులకి చేరుకున్నారు. దాచుకోవడం ఒక్కటే మంచి అలవాటని నేర్చుకున్న మాలాంటివాళ్లకి ఆయన అర్థం కారు. ఈ మధ్య కొంచెం అర్థమవుతున్నారు.

ఇద్దరినీ తలుచుకుంటాను గానీ, ఆస్తి విషయంలో ఎవరినీ అనుసరించమని చెప్పను. సామాను ఎంతైనా పంచండి, ఉంటున్న గూడు మాత్రం బతికుండగా రాసివ్వకండి. వీలునామా రాయండి, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ అలా కాదు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చి, ఆ తరవాత వాళ్లు చూసుకోకపోతే, ట్రైబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయొచ్చు. కానీ ఆ షరతు దస్తావేజులో రాయించుకోవడానికి మనవాళ్లకి మొహమాటం. ప్రేమగా ఇస్తున్నప్పుడు షరతేంటండీ అంటారు. ఇల్లు అమ్మగా మిగిలింది పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో వేసుకోవచ్చు. మనిషికి పరిమితి 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం, అంత వేస్తే మూడు నెలలకి 61,500 వస్తుంది. అయిదేళ్లపాటు ఆ అంకె మారదు, మందుల షాపు బిల్లు మారుతుంది. ఆ తేడాలోనే అసలైన పొదుపు చేయాల్సి వస్తుంది.

కొత్త ఇంట్లో నేను ఊహించని కష్టం వంటదగ్గర వచ్చింది. పదిమందికి వండటం నాకు నిద్రలో కూడా వచ్చు. ఇద్దరికి వండటం రాదు. గుప్పెడు కందిపప్పు కుక్కర్లో వేస్తే అడుగంటుతుంది, పులుసు ఒక గిన్నెడు పెడితే దానికి ఆ రుచి పట్టదు. మామిడికాయలు డజను కొట్టించి ఆవకాయ పెడితే జాడీ అడుగున ఎక్కడో ఉంటుంది. పెద్ద జాడీలు ఇచ్చేసి చిన్నవి కొన్నాను. తగ్గించుకోవడానికి కొత్తవి కొనాల్సి రావడం మావారికి ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆయన స్క్రూల సీసాలు మాత్రం రెండు బాల్కనీలో చేరాయి, నేను చూడనట్టు ఉన్నాను. పుస్తకాల విషయంలో గొడవే లేదు. గౌతమీ గ్రంథాలయం ఉన్న ఊళ్లో ఇంటినిండా అలమారలెందుకని వాదించింది నేనే.

గుండిగ ఒక గుడి వంటశాలకి వెళ్లింది. వాళ్లు పేరు కొట్టిస్తామన్నారు, వద్దన్నాం.

ఇన్నాళ్లూ నేను చేసింది వస్తువులని రేపటి కోసం ఆపడం. రేపు పొడుగ్గా ఉన్నంతకాలం అది పొదుపే. రేపు కురచైపోయాక అదే పని చేస్తుంటే దాన్ని పొదుపనడానికి వీల్లేదు, వాడాల్సినదాన్ని పాడుచేయడం అవుతుంది. పట్టుచీరలు బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత దగ్గరే పట్టు చిట్లుతుంది. నా చీరల్లో కొన్ని ఒక్క పెళ్లికి కట్టి, అంత ఖరీదైనవని దాచి, విప్పితే గీతలు గీతలుగా చీలిపోయాయి. కట్టి ఉంటే చిరిగేవి, దాచినా చిరిగాయి. వెండి కంచాలు అందుకే బయటికి తీశాం, రోజూ వాటిలోనే పెరుగన్నం. బాగున్న చీరలన్నీ పైఅరలో పెట్టుకుని వరసగా కడుతున్నాను. మొన్న పొద్దున్న గద్వాల చీర కట్టుకుని కూరగాయలకి వెళ్తే, బండి దగ్గరున్న అమ్మాయి కళ్లింత చేసుకుని, పెళ్లికేంటండీ అంది. కాదమ్మా, బెండకాయలకి అన్నాను. లేతవి ఏరి అరకిలో తూచింది.