బ్రేకు పట్టలేని చెయ్యి



కె.కోటపాడు నుండి ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు, అక్కడి నుండి పాడేరు ఘాటు దిగి మాడుగుల, చోడవరం మీదుగా మళ్ళీ ఇంటికి. గేరు సైకిళ్ళ మీద మూడు రోజుల ప్రయాణం. మా మేనల్లుడికి, అతని స్నేహితులిద్దరికీ అది సరదా. నాకు మాత్రం మొక్కుబడి. మా ఇంటావిడ ఆపరేషను గట్టెక్కితే ఈ చుట్టు పూర్తి చేస్తానని ప్రభువుకు మాట ఇచ్చాను. విచారణలో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆ చెప్పుకోవడమే తర్వాత చిక్కు తెచ్చింది.

అనంతగిరి ఎక్కుతుంటే తొడలు మండిపోయాయి. కాఫీతోటల దగ్గర రెండుసార్లు కూలబడ్డాను. అయినా ఆగలేదు. ఆగకపోవడం సరైనదేనని ఇప్పటికీ అంటాను. అలసిన ఒళ్ళు ప్రతిదానికీ 'చాలు' అంటుంది. దాని మాట వింటూ పోతే ఉపవాసమూ ఉండలేం, రోగి పక్కన రాత్రి మేలుకొనీ ఉండలేం.

గాలికొండ దాటాక దిగుడు. మలుపులో కంకర ఉంది. ముందు బ్రేకు గట్టిగా నొక్కేసరికి సైకిలు జారి, కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాను.

"ఏమైంది మావయ్యా?"

"ఏం లేదురా, పద."

అది అబద్ధం. రాత్రికి చెయ్యి వాచింది. తెల్లవారి పాడేరు దారిలో చిన్న పల్లం వచ్చింది. తలమీద కట్టెల మోపుతో ఒక ముసలమ్మ రోడ్డు దాటుతోంది. బ్రేకు నొక్కబోతే వేళ్ళు మూసుకోలేదు. జానెడు దూరంలో ఆమెను తప్పించి పక్క గుంటలోకి దిగిపోయాను. ఆమె ఏమీ అనలేదు, మోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

అప్పటిదాకా నొప్పి నాది, ఓర్చుకుంటే పుణ్యమే అనుకున్నాను. ముందున్నది పాడేరు ఘాటు. నా మొక్కు చెల్లించడానికి ఎదురొచ్చేవారి ప్రాణం పణంగా పెట్టే హక్కు నాకెవరిచ్చారు? సర్వీసు జీపు మీద సైకిలు కట్టించుకుని వెనక్కు వచ్చాను. దేవుడే పడవేసి హెచ్చరించాడని కొందరన్నారు. నాకలా తోచదు. మలుపులో కంకర ఉంది, నేను వేగంగా వచ్చాను, అంతే.

మణికట్టులో బొటనవేలి వైపు చిన్న ఎముక విరిగిందని డాక్టరు చెప్పారు. దానికి నెత్తురు ఎక్కువగా వేళ్ళ వైపు కొస నుండి వెనక్కు వస్తుందట. కదిలిస్తే అతుక్కోకపోవచ్చు.

మరి మొక్కు? 1983 నాటి శ్రీసభ చట్ట సంహిత ప్రకారం, మొక్కు సాధ్యమైన మేలును గురించినదై ఉండాలి. సొంతంగా మొక్కుకున్న పనిని అంతకు సమానమైన లేదా మెరుగైన మేలుగా మొక్కుకున్నవారే మార్చుకోవచ్చు. ఇది తెలిశాక కూడా మనసు కుదుటపడలేదు. నన్ను పీడించింది మొక్కు కాదు, నలుగురిలో నామోషీ. పిల్లలు చుట్టు పూర్తిచేసుకుని వచ్చినరోజు నేను వీధిలోకే రాలేదు.

మా విచారణలో ఒకాయన డయాలసిస్‌కు విశాఖపట్నం వెళ్తుంటారు. ఆరు నెలలు ఆయనకు తోడు వెళ్తానని మొక్కు మార్చుకున్నాను. మొదటి రోజు బస్సులో నా సంచి ఆయనే పట్టుకున్నారు, నా చేతికి కట్టు ఉంది గదా.